తారుమారు కాని ట్యూబు

"కంట్రోల్ అని మీరు పంపింది అసలు కంట్రోల్ కాదేమో. ట్యూబు తారుమారైనట్టుంది, ముందది చూసుకోండి."

లెక్కలబ్బాయి పిచ్చుకతో మాట్లాడిన మొట్టమొదటి మాట ఇది. నమస్కారం లేదు, బాగున్నారా లేదు. ఉద్యోగంలో చేరి వారం తిరగలేదు. ల్యాబ్ మొత్తం టీ కప్పులు పట్టుకుని కూర్చున్న మీటింగులో, తెర మీద ఆమె రెండేళ్ల కష్టం వెలుగుతుండగా, వెనక వరసలోంచి తాపీగా అనేశాడు.

పిచ్చుక అసలు పేరు ల్యాబ్‌లో ఎవరూ వాడరు. ఒకసారి వాళ్ల వదిన ల్యాబ్ నంబరుకి ఫోన్ చేసి "మా పిచ్చుక ఉందాండీ?" అని అడిగింది. అంతే, ఇంటి ముద్దుపేరు ల్యాబ్‌కెక్కి కూర్చుంది. పొట్టిగా, చురుగ్గా, ఒకచోట నిలవని మనిషి కాబట్టి ఎవరికీ మార్చాలనిపించలేదు. అతనిది కంప్యూటర్ ముందు కూర్చుని అందరి డేటా లెక్కలు తేల్చే ఉద్యోగం గనక మొదటిరోజే లెక్కలబ్బాయి అయిపోయాడు.

"ఏమన్నారు?" అంది పిచ్చుక.

"ట్యూబండీ. దీనికి బదులు అది, దానికి బదులు ఇది..."

"తారుమారంటే ఏమిటో నాకు తెలుసు. నా చేతిలో ఇంతవరకు ఒక్క ట్యూబూ మారలేదు. ఇకముందూ మారదు."

"అందరూ అలాగే అంటారండీ, మారేదాకా."

ఎవరికో టీ పొలమారింది.

ఇక్కడ కాస్త ఆగి, తగువు దేని గురించో చెప్పుకోవాలి. స్టెమ్ సెల్స్ అంటే ఇంకా ఏమవ్వాలో తేల్చుకోని కణాలు. గుండె కావచ్చు, చర్మం కావచ్చు, నరం కావచ్చు. వాటిలో ఉన్న డీఎన్‌ఏ దారం ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఇంకొన్ని ప్రొటీన్లు వచ్చి ఆ దారం మీద అక్కడక్కడ కూర్చుని, ఏ జీన్ తెరుచుకోవాలో, ఏది మూసి ఉండాలో చూస్తుంటాయి. అలాంటి ఒక ప్రొటీన్ వెంట పడింది పిచ్చుక. ల్యాబ్‌లో దాన్ని కాపలాదారు అంటారు. అది దారం పొడవునా ఎక్కడెక్కడ కూర్చుంటుందో కనిపెట్టడమే ఆమె పని.

కణాల మీద ఫార్మలిన్ పోస్తే ఎక్కడి ప్రొటీన్ అక్కడే బిగుసుకుపోతుంది. తరవాత శబ్దంతో దారాన్ని ముక్కలు చేస్తారు. కాపలాదారుని పట్టుకునే యాంటీబాడీని గాలంలా వేసి, అది కూర్చున్న ముక్కల్ని పైకి లాగుతారు. ఆ ముక్కలు ఏ చోటివో చదివి కంప్యూటర్‌కెక్కిస్తే, ముక్కలు ఎక్కువ దొరికిన చోటల్లా తెర మీద ఒక గుట్ట లేస్తుంది. పిచ్చుక మ్యాప్‌లో అలాంటి గుట్టలు వేలు.

గాలం అబద్ధమాడటం లేదని రుజువు కావాలి కదా. అందుకని కాపలాదారు జీన్‌లో ఒక ముక్క కోసేసి, ఆ ప్రొటీన్ అసలు తయారుకాని కణాల్ని పెంచింది. వాటిలోనూ అదే గాలం వేసింది. కాపలాదారే లేని చోట ఏ గుట్టా లేవకూడదు. దీన్నే కంట్రోల్ అంటారు. తీరా చూస్తే కంట్రోల్‌లోనూ గుట్టలు లేచాయి. దాదాపు అన్నీ, అవే చోట్ల.

ఫ్రీజర్‌లో ఒకేలాంటి ట్యూబులు బారుగా నిలబడి ఉంటాయి. కంట్రోల్ ట్యూబుకి బదులు, గుట్టలు లేచే మామూలు కణాల ట్యూబు పంపేయడం ఈ వృత్తిలో జరగని వింత కాదు. జరిగితే మాత్రం ఏడాదిపాటు ఎవరూ మరిచిపోనివ్వరు.

ల్యాబ్ పెద్ద అయిన మేడమ్ కళ్లద్దాలు సర్దుకున్నారు. "వచ్చే నెల పెద్ద సభలో ఈ మ్యాప్ చూపిస్తానని మాటిచ్చాను పిచ్చుకా. దీని మీద రాసే రీసెర్చ్ పేపర్‌లో మొదటి పేరు నీదే. ట్యూబు మారితే మారిందని చెప్పు, కంట్రోల్ నిదానంగా మళ్లీ చేసుకోవచ్చు, మ్యాప్‌కి ఢోకా లేదు. సోమవారానికల్లా ఇద్దరూ కూర్చుని తేల్చండి."

ఇద్దరూ కూర్చుని! ఆ మాటకి పిచ్చుక ముఖం ఎలా పెట్టిందంటే, లెక్కలబ్బాయి తన కుర్చీని ఒక అడుగు వెనక్కి జరుపుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కణాలు పెంచే గది తలుపు మీద చప్పుడైంది.

"రావచ్చా?"

"కోటు?"

"వేసుకున్నాను."

"బొత్తాలు?"

"పెట్టుకున్నాను."

"చేతులు చాపండి."

బడి పిల్లాడిలా చాపాడు. ఆమె అతని గ్లవ్స్ మీద స్పిరిట్ కొట్టింది. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే కొట్టిందని చెప్పక తప్పదు.

"పొరపాటు ఎక్కడ జరిగి ఉంటుందో చూద్దామని..." అన్నాడు.

"జరగని పొరపాటు ఎక్కడ కనబడుతుందండీ? సరే, చూడండి."

చూపించింది. మామూలు కణాలు పై అరలో, కంట్రోల్ కణాలు కింది అరలో. రెండూ ఒకేసారి బల్ల మీదికి రావు. ఒకటి ముగించి, బల్లంతా తుడిచి, గ్లవ్స్ మార్చుకున్నాకే రెండోది. కంట్రోల్ ట్యూబులకి ఎర్ర మూతలు, మూత మీదొక గుర్తు, పక్కనొక గుర్తు. అతను తప్పు వెతకడానికే వచ్చాడు, నిజాయితీగానే వెతికాడు, ఏమీ దొరకలేదు.

"రోజూ వీటికి మీడియా, అదే, ఈ తిండి ద్రవం మార్చాలా?"

"రోజూ."

"ఆదివారం కూడానా?"

"వీటికి ఆదివారాలు తెలీవు. ఒక్కరోజు తిండి ఆలస్యమైతే అలుగుతాయి. అలిగి ఏదో ఒకటి అయిపోతాయి."

ఆ గదికున్న ఒకే ఒక చిన్న కిటికీ మీద వాన మొదలైంది. పిచ్చుక మైక్రోస్కోప్ కింద ఒక ప్లేటు పెట్టి, "మీరూ చూడండి" అని పక్కకి జరిగింది. చూసి వెంటనే లేస్తాడనుకుంది, లేవలేదు. గుండ్రంగా, అంచులు మెరుస్తూ, గుంపులు గుంపులుగా కూర్చున్న కణాల్ని అలా చూస్తూ ఉండిపోయాడు. అతని కనురెప్పలు పొడుగ్గా ఉన్నాయని పిచ్చుకకి తెలిసింది అప్పుడే. తెలుసుకోవాల్సిన పని లేదు, అయినా తెలిసింది.

"ఎన్నో ఏళ్లుగా వీటి డేటాతోనే బతుకుతున్నానండీ," అన్నాడు తలెత్తకుండానే. "ఇంతవరకు వీటి ముఖం చూళ్లేదు. నాకు తెలిసిందంతా డీఎన్‌ఏ అక్షరాలే."

"ఎలా ఉన్నాయి?"

"చాలా బాగున్నాయి. ఏమవ్వాలో ఇంకా తేల్చుకోలేదన్నమాట. అచ్చం నాలాగే."

"మీరేం తేల్చుకోలేదు?"

"మధ్యాహ్నం ఏం తినాలో."

నవ్వకూడదని గట్టిగా అనుకుంది. నవ్వింది. తరవాత అతనికి మీడియా మార్చడం కూడా నేర్పింది. ప్లేటు వాల్చి పట్టుకోవాలి, పాతది మెల్లగా తీసేయాలి, కొత్తది గోడ వెంబడి జారనివ్వాలి. కంప్యూటర్ మీద అంత ధీమాగా పరిగెత్తే చెయ్యి ఇక్కడ కంగారుగా వెనక్కి వచ్చేసింది.

"మెల్లగా! పారిపోతున్నారేంటి?"

"నా వల్ల వీటికేమైనా అవుతుందేమోనని భయమండీ."

ఆ భయం ఆమెకి నచ్చింది. ఇంత భయపడేవాడు అందరి ముందూ అంత మాట ఎలా అన్నాడో అర్థం కాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో వదిన టిఫిన్ డబ్బా కడుగుతూ అడిగింది. తల్లి లేని ఆ ఇంట్లో వదినే పెద్దదిక్కు, వదినే స్నేహితురాలు.

"ఏమన్నాడు ఇవాళ మీ లెక్కలబ్బాయి?"

"మా ఏమిటి? ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోతే ముఖం అలా ఎందుకు వెలిగిపోతోంది?"

"కోపం వదినా!"

"ఓహో. మీ అన్నయ్య మీద నాకూ పెళ్లికి ముందు ఇలాంటి కోపమే వచ్చేది."

ముందు గదిలో నాన్న ఫోన్‌లో ఎవరితోనో చెబుతున్నాడు. "మా అమ్మాయి కనిపెట్టింది, ప్రపంచంలో ఇంకెవరూ కనిపెట్టలేదట. ఆ, వచ్చే నెల పెద్ద సభలో చూపిస్తున్నారు." పొద్దున వాకింగ్‌లో స్నేహితులకి చెప్పాడు, మంగలి షాపులో చెప్పాడు, కరెంటు బిల్లు ఇచ్చేవాడికి కూడా చెప్పాడు. పిచ్చుక వినీ విననట్టు లోపలికి వెళ్లింది, కానీ గర్వంగానే ఉంది.

శుక్రవారం సాయంత్రం పిచ్చుక బస్టాప్ రేకుల కింద నిలబడి ఉంది. వాన రేకుల మీద డప్పు వాయిస్తోంది. లెక్కలబ్బాయి బ్యాగు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు. వచ్చేసరికి బ్యాగు తడవలేదు గానీ అతను పూర్తిగా తడిశాడు. ఎలా సాధ్యమో అతనికే తెలియాలి.

"మీ ట్యూబు మారలేదండీ," అన్నాడు ఆయాసపడుతూ. "నాది తప్పు. సారీ."

పిచ్చుకకి గాల్లో తేలినట్టైంది. "ఎలా తెలిసింది?"

"మీరు జీన్‌లో ముక్క కోశారు కదా. ఆ చోటుకి వెళ్లి చూశాను. కంట్రోల్ డేటాలో అక్కడ ఒక్క అక్షరం లేదు, ఖాళీ. మామూలు కణాలైతే ఆ ముక్క కనబడాలి. మీరు పంపినవి నిజంగా కోసిన కణాలే."

"చెప్పానా! అందరి ముందూ అన్నారు కాబట్టి సారీ కూడా అందరి ముందూ చెప్పాలి."

"చెప్తాను."

"గట్టిగా."

"గట్టిగానే చెప్తానండీ."

అతని ముఖంలో నవ్వు లేదు. పిచ్చుక నవ్వు సగంలో ఆగిపోయింది. ట్యూబు సరైనదే. ఆ కణాల్లో కాపలాదారు లేడు. లేకపోయినా గుట్టలు లేచాయి. అంటే ఆ గుట్టలు కాపలాదారువి కావు.

"అంటే..." అంది.

"అవునండీ."

"మ్యాప్ మొత్తమా?"

"దాదాపుగా."

రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి, ఇద్దరూ ఎక్కలేదు. ఆమెకి ఏడుపూ కోపమూ ఒకేసారి వస్తే కోపమే ముందు బయటపడింది.

"మీరు సారీ చెప్పడానికొచ్చారా, నా కొంప ముంచడానికొచ్చారా?"

"రెంటికీ."

"చూడకుండా ఊరుకుంటే పోయేది కదా! ట్యూబు మారిందనుకునేవాళ్లు. మ్యాప్ ఉండేది."

"ఉండేది. మీరు పొరపాటు చేశారన్న మాట కూడా ఉండిపోయేది. అది నేనన్న మాటండీ. మీ గది చూశాక రెండు రోజులుగా నాకు అన్నం సహించలేదు." తడిసిన జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "సోమవారం ముందు మీరే మాట్లాడండి. మీకంటే ముందు నేను నోరు విప్పను. అడిగితే మాత్రం ఉన్నదే చెప్తాను."

మూడో బస్సు ఆమె ఎక్కేసింది. వెనక్కి తిరిగి చూడలేదు. కిటికీ అద్దంలో అతను కనబడితే అది ఆమె తప్పు కాదు.

ఆ రెండు రోజులూ పిచ్చుక మనసు మనసులో లేదు. "అవును మేడమ్, ట్యూబు మార్చాను" అని ఒక్క ముక్క అంటే చాలు, అంతా దక్కుతుంది. సభ, పేపర్‌లో మొదటి పేరు, నాన్న ఫోన్లు. చేయని తప్పు ఒప్పుకుంటే పోయేదేముంది? నాలుగు రోజులు నవ్వుతారు, ఊరుకుంటారు.

ఆదివారం కణాలకి తిండి పెట్టి వచ్చి, నాన్న పక్కన కూలబడి విషయమంతా చెప్పింది.

నాన్న క్షణం కూడా ఆలోచించలేదు. "మార్చానని చెప్పేయ్! నువ్వేమైనా దొంగతనం చేశావా? పెద్దావిడ తనే దారి చూపిస్తుంటే మొండికేస్తావెందుకు?"

తన మనసులో తిరుగుతున్న మాటే నాన్న నోట పైకి వినబడేసరికి పిచ్చుకకి ఎక్కడో చురుక్కుమంది.

"కానీ మార్చలేదు నాన్నా."

"ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు. ఆ మ్యాప్ చూసి ఇంకో ఊళ్లో ఇంకో పిల్ల రెండేళ్లు పనిచేస్తుంది. ఆ పిల్లకి ఏమీ దొరకదు. తన చేతులే మంచివి కావేమో అనుకుంటుంది."

నాన్న చేతిలోని రిమోట్ అటూ ఇటూ తిప్పాడు. "అంతా మీ నాయనమ్మ పోలిక," అని గొణిగి, టీవీ పెట్టుకున్నాడు. సౌండ్ పెట్టడం మరిచిపోయాడు.

సోమవారం మీటింగులో పిచ్చుక నిలబడింది. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది.

"ట్యూబు మారలేదు మేడమ్. మ్యాపే తప్పు."

కోసిన ముక్క ఖాళీగా ఉన్న చోటు తెర మీద తనే చూపించింది. గుట్టలు లేచిన చోట్లన్నీ కణాల్లో తీరిక లేకుండా పనిచేసే జీన్లని, అక్కడ దారం బాగా విప్పుకుని ఉంటుంది కాబట్టి ఏ గాలం వేసినా ఏదో ఒకటి అంటుకొస్తుందని చెప్పింది.

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "సభకి రావడం లేదని ఇవాళే రాసేస్తాను," అన్నారు. తిట్టలేదు. తిడితేనే బాగుండేదేమో. "ఏమైనా మిగిలిందా?"

వెనక వరసలో కుర్చీ చప్పుడైంది.

"ముందు ఒక సారీ ఉంది మేడమ్," అన్నాడు లెక్కలబ్బాయి. గది బయట నడుస్తున్నవాళ్లు కూడా ఆగేంత గట్టిగా అన్నాడు. "ట్యూబు మారిందని ఆ రోజు అందరి ముందూ అన్నాను. చూసుకోకుండా అన్నాను. ఆవిడ చేతిలో ఏమీ మారలేదు."

పిచ్చుక బల్లకేసి చూస్తూ ఉండిపోయింది. చెవులు వేడెక్కాయి.

"ఇక మిగిలినవి. కంట్రోల్‌లో లేకుండా పోయిన గుట్టలు కొన్నున్నాయి మేడమ్, వందలోపే. కాపలాదారు ఉంటే ఉన్నాయి, లేకపోతే లేవు. కాబట్టి అవి నిజమైనవి. దాదాపు అన్నీ నరాల కణాలకి కావలసిన జీన్ల పక్కనే ఉన్నాయి."

మేడమ్ ముందుకి వంగారు. "స్టెమ్ సెల్స్‌లో మూసి ఉండాల్సినవి. కాపలా అక్కడేనన్నమాట."

"అవును మేడమ్."

"ఇంకో యాంటీబాడీతో మొదట్నుంచి చేయాలి. ఇంకో ఏడాది పడుతుంది. చేస్తావా పిచ్చుకా?"

"చేస్తాను మేడమ్," అంది. అంతదాకా ఆపుకున్న కన్నీళ్లు అప్పుడొచ్చాయి.

మర్నాటికి పిచ్చుకకి జ్వరం పట్టుకుంది. వానదో, మనసుదో. మంగళవారం పడుకుంది, బుధవారమూ సెలవు పెట్టింది. బుధవారం సాయంత్రం గంట మోగితే నాన్న తలుపు తీశాడు.

"నమస్కారమండీ. ల్యాబ్ నుంచి వచ్చాను. కణాలు బాగున్నాయని చెప్పి వెళ్దామని..."

నాన్న అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "ట్యూబు మారిందన్నది నువ్వేనా?"

"నేనేనండీ."

"మారలేదన్నదీ?"

"అదీ నేనేనండీ."

"ఒక మాట మీద నిలబడవా బాబూ?"

"తప్పని తెలిస్తే నిలబడనండీ."

నాన్న పక్కకి తప్పుకున్నాడు. పిచ్చుక శాలువా కప్పుకుని గది గుమ్మంలోకి వచ్చింది. జుట్టు సరిగ్గా లేదని గుర్తొచ్చి, ఇప్పుడిక లాభం లేదని ఊరుకుంది.

"మీడియా ఎవరు మార్చారు?" అంది.

"నేనే. మీ పక్క బల్ల ఆవిడని నిలబెట్టుకుని మార్చాను. గోడ వెంబడే జారనిచ్చాను. ఒక్కటి కూడా అలగలేదు."

"ఆ మాట ఫోన్‌లో చెప్పచ్చుగా?"

"చెప్పచ్చు." నాన్న వైపు చూశాడు, వదిన నక్కి ఉన్న వంటింటి కర్టెన్ వైపు చూశాడు. కర్టెన్ కదలడం మానేసింది. "ఇంకోటి కూడా ఉందండీ. పెద్దవాళ్ల ముందే చెప్తే మంచిది."

"చెప్పు," అన్నాడు నాన్న.

"ఈ ల్యాబ్‌లో చేరిన దగ్గర్నుంచీ నాకు పొద్దున లేవగానే సంతోషంగా ఉంటోంది. కొత్త ఉద్యోగం కదా, అందుకేమో అనుకున్నాను. మంచి మేడమ్, మంచి కంప్యూటరు, అందుకేమో అనుకున్నాను. నిన్నా ఇవాళా అన్నీ అలాగే ఉన్నాయి. అదే ల్యాబ్, అదే మేడమ్, అదే కంప్యూటరు, టీ కూడా అదే. మీరొక్కరే లేరు." ఊపిరి పీల్చుకున్నాడు. "ఒక్క గుట్టా లేవలేదండీ. మొత్తం చదునుగా ఉంది."

నాన్నకి అర్థం కాలేదు. పిచ్చుకకి అర్థమైంది. ఒళ్లంతా వెచ్చబడింది, అది జ్వరం కాదని ఆమెకి బాగా తెలుసు. ఇంత సంతోషం వస్తే ఏం చేయాలో తెలియక, తనకి తెలిసిన పని ఒకటి చేసింది. తప్పు పట్టింది.

"ఒక్క మనిషి మీద చూసి తేల్చేశారా? రెండోసారి చేసి చూడకుండా?"

అతని ముఖం చిన్నబోయింది. "ఇంకోసారి చూడాలంటే మీరు మళ్లీ సెలవు పెట్టాలి. అది నావల్ల కాదండీ."

"ఏమంటున్నాడే ఇతను?" అన్నాడు నాన్న.

పిచ్చుక శాలువా అంచు వేలికి చుట్టుకుంది.

"నేనూ రెండు రోజులుగా ఇంట్లోనే ఉన్నాను నాన్నా. నువ్వున్నావు, వదినుంది. నాకిష్టమైనవే వండింది. అయినా ఏమీ బాగోలేదు, జ్వరం అనుకున్నాను." లెక్కలబ్బాయి వైపు చూసింది. "జ్వరం నిన్న సాయంత్రమే తగ్గిపోయిందండీ."

కర్టెన్ వెనక వదిన గట్టిగా నవ్వేసింది.

నాన్న కూతుర్ని చూశాడు, గుమ్మం దగ్గరే నిలబడిపోయిన మనిషిని చూశాడు. తరవాత వెళ్లి కుర్చీ మీద ఉన్న పేపరు తీసి, కుర్చీ అతని ముందుకి లాగాడు.

"కూర్చో బాబూ," అన్నాడు. "మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడు తీరిగ్గా ఉంటారో చెప్పు."